కుళాయి నీళ్ళకు రెండో పక్షం

ఎన్నికల ప్రచారం ఆఖరి వారంలో సువ్వి రేడియోలో మొట్టమొదట వేటు పడింది "శుభోదయం" అన్న మాట మీద.

రమణకుమారి ఏళ్ళ తరబడి ఆ మాటతోనే "పొద్దున్నే పలకరింపు" మొదలుపెడుతోంది. ఊళ్ళో ఇడ్లీ బళ్ళవాళ్ళూ, ఆటోవాళ్ళూ, పిల్లలకి జడలు వేసే తల్లులూ ఆ గొంతు చెవిన పడితే గాని తెల్లారినట్టు ఒప్పుకోరు. కార్యక్రమం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. జనం ఫోను చేసి కష్టసుఖాలు చెప్పుకుంటారు. సుఖాలు చెప్పుకోవడానికి పొద్దున్నే ఎవరూ ఫోను చెయ్యరు కాబట్టి కష్టాలే చెప్పుకుంటారు. నడుమ ఒక పాట, ఒక పొడుపు కథ, వాతావరణం. కష్టం విన్న అధికారి ఎవరికైనా సిగ్గేస్తే సాయంత్రానికి ఆ వీధిలో దీపం వెలుగుతుంది, లేదా చెత్తకుప్ప లేస్తుంది. సిగ్గు అందరికీ వెయ్యదు గాని అప్పుడప్పుడూ కొందరికి వేస్తుంది. కుమారికి జీతం కన్నా ఆ అప్పుడప్పుడే ఎక్కువ తృప్తి.

ఆ సోమవారం ఆమె "శుభోదయం" అనగానే అద్దం అవతల కూర్చున్న కొత్త మనిషి చెయ్యెత్తాడు. స్టేషన్ మేనేజరు భుజంగరావు గారు పరుగున వచ్చి పాట పెట్టించారు.

కొత్త మనిషి పేరు పరాంకుశం. హోదా, ప్రసార సమతూక పరిశీలకులు. ఎన్నికల పని మీద పై ఆఫీసు నుంచి దిగారు. మామూలు రోజుల్లో ఆయన ఉద్యోగం కిరాణా కొట్లకు వెళ్ళి తక్కెళ్ళు సరిచూసి ముద్ర వెయ్యడం. ముల్లు మధ్యలో నిలబడిందా లేదా అని చూడ్డంలోనే ఆయన సర్వీసంతా గడిచింది. ఒక పళ్ళెంలో ఏదైనా ఉందంటే రెండో పళ్ళెంలో దానికి సరిపడా ఇంకేదో ఉండి తీరాలని ఆయన నమ్మకం. ఆ ఇంకేదో ఏమిటన్నది మాత్రం ఆయన పరిధిలోకి రాదు.

"ఉదయం శుభమని తమరు ఏ ప్రాతిపదికన నిర్ధారించారు?" అని అడిగారాయన.

"పలకరింపండీ అది," అంది కుమారి.

"పలకరింపే కావచ్చు. కానీ ఉదయం శుభంగా ఉన్నదనగా, ప్రస్తుత పరిపాలన శుభంగా ఉన్నదని ధ్వనించుచున్నది. ఉదయం శుభంగా లేదని భావించు పక్షం వారికి తమరు అవకాశం కల్పించారా?"

ఆ వెంటనే ఆయన నిబంధన చదివి వినిపించారు. ప్రచార కాలంలో ప్రసారమయ్యే ప్రతి అభిప్రాయానికీ, దానికి విరుద్ధమైన అభిప్రాయం సమాన నిడివితో, సమాన స్వరంతో, సమాన సానుభూతితో ప్రసారం కావలెను. కాని యెడల రేడియో లైసెన్సు రద్దగును.

భుజంగరావు గారు తల ఊపారు. తల ఊపడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. లైసెన్సు కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుని, ఇతరులు దేవుడి పటాన్ని చూసినట్టు రోజూ దాన్ని చూసుకునే మనిషి ఆయన. అప్పటికప్పుడు ఒక రాజీ కుదిర్చారు. పాట అయిపోయాక కుమారి మైకు ముందుకొచ్చి, "కొందరికి శుభోదయం. తక్కినవారికి ఉదయం," అంది.

వాతావరణం కూడా అదే దారి పట్టింది. ఇవాళ ఎండ మండిపోతుందని చెప్పి, మండిపోదని నమ్మేవారు కూడా ఉన్నారని చెప్పింది. టైము మాత్రం మామూలుగా చెప్పుకోమన్నారు పరాంకుశం గారు. గడియారం ఇంకా ఏ పార్టీలోనూ చేరలేదట.

ఇదంతా నవ్వుకోవలసిన వ్యవహారంగానే ఉండేది, ఆ పూట ఆదెమ్మ ఫోను చెయ్యకపోతే.

"అమ్మా, తంపర కాలనీ నుంచి మాటాడతన్నాను. దిగువీదిలో మా ఇల్లు. కొళాయి నీరు పసుప్పచ్చగా వస్తంది తల్లీ. మురుక్కాలవ కంపు. రెండ్రోజుల బట్టీ పిల్లగుంటలందరికీ వాంతులూ ఇరేచనాలూ. మునిసిపాలిటీ బాబులకి సెప్తే, ఎలచ్చన్లు ఐపోనిదాకా గొట్టం మార్చకూడదు, కొత్త పని కింద లెక్క అంటన్నారు. ఓట్లకి మాత్రం ఒకలి ఎనకాల ఒకలు వచ్చి దణ్ణాలెడతన్నారు. మాకేటి దారమ్మా?"

"అయ్యో," అంది కుమారి. "కాలనీవాళ్ళెవరూ ఆ నీళ్ళు తాగ..."

అద్దం అవతల చెయ్యి లేచింది. పాట మొదలైంది.

"సలహా తరువాత. ముందు రెండో పక్షం ఏదీ?" అన్నారు పరాంకుశం గారు.

"నీళ్ళకి రెండో పక్షం ఏముంటుందండీ? మురుగు కలిసింది."

"అది ఫిర్యాదు పక్షం వారి అభిప్రాయం. నీళ్ళు బాగున్నవని చెప్పు ప్రశంస పక్షం వారిని ప్రవేశపెట్టనిదే సదరు నీళ్ళను గూర్చి ఈ రేడియోలో ఇకపై ఒక్క మాట కూడా చెల్లదు. అంతియే గాక, తమరు ఫిర్యాదు పక్షానికి 'అయ్యో' అన్నారు. ప్రశంస పక్షానికి ఒక 'అయ్యో' బాకీ పడినారు."

భుజంగరావు గారు ఆ బాధ్యత తనే నెత్తిన వేసుకుని, నీళ్ళు అమృతంలా ఉన్నాయని చెప్పడానికి సిద్ధపడ్డారు. పరాంకుశం గారు ఒప్పుకోలేదు. ఆయన మోసం సహించే మనిషి కాదు. చెప్పేవాడు ఆ కాలనీలో ఉంటూ ఆ కుళాయి నీళ్ళే తాగేవాడై ఉండాలి. దొంగ రాయి పెట్టి తూచడం ఆయన దృష్టిలో మహాపాపం.

కుమారికి అప్పుడు తవిటయ్య గుర్తొచ్చాడు. గుర్తు రాకపోయినా బాగుండునని తరవాత చాలాసార్లు అనుకుంది.

తవిటయ్య జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయిన ముసలాయన. తంపర కాలనీ ఎగువ వీధిలో, నీళ్ళ ట్యాంకు పక్కనే ఒంటిగా ఉంటాడు. పొద్దున్నే పొడుపు కథకు జవాబు చెప్పడానికి క్రమం తప్పకుండా ఫోను చేసేది ఆయనే. ఇంతవరకూ ఒక్క జవాబూ సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. తప్పు చెప్పినా ఆయనకు దిగులు లేదు. ఇంట్లో మాట్లాడేందుకు రెండో మనిషి లేడు కాబట్టి, రోజుకు ఆ నాలుగు మాటలే ఆయనకు లోకంతో చుట్టరికం. కుమారి ఆయన్ని తాతా అని పిలుస్తుంది.

"నీరా? మా ఎగువీదిలో బాగానే ఉంది తల్లీ," అన్నాడు తవిటయ్య ఫోనులో. "దిగువీదోలకే ఏదో తేడా వచ్చిందంటన్నారు. ఎందుకు?"

ఆయన చెప్పింది నిజమే. ఆ రోజుకి నిజమే. ఇటు నిజం చెప్పే రెండో పక్షం దొరికింది, అటు ఆదెమ్మ మాట మళ్ళీ గాల్లోకి ఎక్కించే వీలు దొరికింది, ఇదేదో దేవుడే పంపించాడనుకుంది కుమారి.

మంగళవారం ఆదెమ్మ మాట్లాడింది. ఆ వెంటనే తవిటయ్య మాట్లాడాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకే వచ్చాడు పాపం. రేడియోలో చొక్కా కనపడదని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"నమస్కారం. నాను తవిటయ్యని. మా ఎగువీది కొళాయి నీరు బాగుంది. నాను రోజూ తాగుతన్నాను. గుండు రాయినాగున్నాను," అన్నాడు.

"అయ్యో," అంది కుమారి, బాకీ తీర్చడం కోసం.

తవిటయ్య కంగారు పడ్డాడు. "అయ్యో ఏటమ్మా? బాగుందనే సెప్పినాను కదా!"

ఆ తరవాత కుమారి గబగబా, దిగువ వీధివాళ్ళు నీళ్ళు తాగొద్దని చెప్పింది. చెప్పినంత సేపూ పరాంకుశం గారు చేతిలోని గడియారం నొక్కి పట్టుకున్నారు. అంతే సేపు ఆమె చేతనే "తాగవచ్చునన్న అభిప్రాయం కూడా కలదు" అని చెప్పించారు. ఒకసారి చెబితే నిడివి చాలలేదు, అందుకని అదే వాక్యాన్ని నిదానంగా, సాగదీసి, మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఫలితం ఏమిటంటే తాగొద్దన్న మాట గబగబా వెళ్ళిపోయింది, తాగవచ్చన్న మాట జనం బుర్రల్లో స్థిరపడింది.

బుధవారానికి సమతూకం ఊరంతా పాకింది. ఎగువ వీధిలో ప్రశంస పక్షం పుట్టిందని తెలిసి అధికార పార్టీవాళ్ళు తవిటయ్య ఇంటికి వెళ్ళి శాలువా కప్పారు. ప్రతిపక్షంవాళ్ళు ఊరుకుంటారా? ఆదెమ్మకు శాలువా కప్పారు. ఆదెమ్మ కడుపు పట్టుకుని దొడ్లోకి పరిగెత్తబోతూ ఫొటో కోసం నిలబడవలసి వచ్చింది. పరాంకుశం గారు రెండు శాలువాలూ తెప్పించి పక్కపక్కన పరిచి కొలిచారు. ప్రతిపక్షం శాలువా బెత్తెడు పొడుగుంది. బెత్తెడు ముక్క కత్తిరించాకే ఆదెమ్మకు వాపసు ఇచ్చారు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒకావిడ స్టూడియోకి వచ్చి, ఇది మురుగు కలిసిన లక్షణమేనని, నీళ్ళు ముట్టుకోవద్దని చెప్పబోయింది. పరాంకుశం గారు ఆవిడకు వినయంగా కుర్చీ వేయించి, వ్యాధుల పట్ల భిన్నాభిప్రాయం కలిగిన మరొక డాక్టరు దొరికేదాకా కూర్చోమన్నారు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, ఇతన్ని తన వార్డులో చేర్చుకోవాలా వద్దా అని ఆలోచించినట్టు కనిపించి, లేచి వెళ్ళిపోయింది. పొడుపు కథకు సరైన జవాబు చెప్పినవారితో పాటు తప్పు జవాబు చెప్పినవారికి కూడా బహుమతి ఇవ్వాలన్నారు పరాంకుశం గారు. అలా తవిటయ్య జీవితంలో మొదటిసారి గెలిచి, ఒక ప్లాస్టిక్ టిఫిను డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ పూట ఆయన మొహం చూస్తే కుమారికి కూడా సంతోషమే వేసింది. తన మీద తనకు చిరాకు పుట్టడానికి ఇంకా ఒక్క రోజు ఉంది.

గురువారం పొద్దున తవిటయ్య స్టూడియో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చొక్కా ఇస్త్రీదే గాని మనిషి నలిగి ఉన్నాడు.

"తల్లీ, మా ఈదిలో కూడా వాసనొచ్చీసింది," అన్నాడు గొంతు తగ్గించి. "రాత్రి రెండు మాట్లు దొడ్లోకెళ్ళాను, వాంతులు కూడా ఐనాయి. ఈయేళ బాగుందని సెప్పలేను. బాగోలేదనే సెప్పీస్తాను. ఏటంటావు?"

కుమారికి ప్రాణం లేచి వచ్చింది. ప్రశంస పక్షమే నీళ్ళు బాగాలేవంటే ఇంక వాదమేముంది? ఆమె ఆ ముక్క పరాంకుశం గారితో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది కుదరదమ్మా. వీరు ప్రశంస పక్షం వారిగా ప్రసారమైనారు, శాలువా స్వీకరించినారు. పక్షం మారుటకు, పోటీ నుండి తప్పుకొనుటకు గడువు ఎప్పుడో ముగిసినది. ఎవరికి తోచినప్పుడు వారు పళ్ళెం మారిన యెడల ముల్లు నిలుచునా?"

"ఆయనకు వాంతులవుతున్నాయి సార్!"

"వాంతులు వారి వ్యక్తిగత విషయము. అభిప్రాయము ప్రసార విషయము." అని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అయితే వారి మాటలో నిజాయితీ లోపించినదన్న అనుమానం మాకునూ కలుగుచున్నది. కావున నేటి నుండి ప్రశంస చేయు వ్యక్తి సదరు నీటిని మైకు ఎదుట తాగి, ఆ పిమ్మట మాట్లాడవలెను. వస్తువును సరిచూడనిదే ముద్ర వేయరాదు కదా," అన్నారు.

కాలనీ కుళాయి నుంచి పట్టిన సీసా ఒకటి అప్పటికే తెప్పించి ఉంచారాయన. కుమారి ఆ సీసాలో నీళ్ళు లోపలి గదిలో పారబోసి, ఆఫీసులో క్యాను నీళ్ళు పోసి తెచ్చింది. ఇంత పనితనం తనలో ఉందని ఆమెకే తెలియదు. తవిటయ్య మైకు ముందు గటగటా తాగాడు. గుటకలు ఊరంతా వినిపించాయి. "బాగుంది," అన్నాడు. అని, తనే ఆశ్చర్యపోయి, "నిజంగానే బాగుంది తల్లీ!" అన్నాడు.

పాట నడుస్తుండగా ఆమె ఆయన్ని మెట్ల మీదికి తీసుకెళ్ళి ఉన్న సంగతి చెప్పింది. ఇంటి దగ్గర మాత్రం ఆ నీళ్ళు చచ్చినా తాగొద్దంది. తవిటయ్య తల గోక్కున్నాడు.

"ఈదిలో అందరూ నన్ను సూసి తాగుతన్నారమ్మా. రేడియోలో సెప్పినోడు తాగకపోతే ఏటనుకుంటారు? ముందు నన్ను తాగమంటారు, మరి ఆల్లు తాగుతారు. మాటన్నాక ఉండాల కదా."

"ఆ మాట నీది కాదు తాతా. నేను చెప్పించాను."

"నువ్వు సెప్పించినా నోరు నాదే కదా," అన్నాడాయన, ఆమెను ఓదారుస్తున్నట్టు.

కుమారి మేనేజరు గదిలోకి వెళ్ళి, ఇది ఆపకపోతే మనుషులు పోతారని చెప్పింది. భుజంగరావు గారు లైసెన్సు ఫ్రేము వంక చూశారు, ఆమె వంక చూశారు. "నువ్వన్నది నిజమే. ఆయనన్నదీ నిజమే," అన్నారు. అనగానే తనకు కూడా సమతూకం పట్టుబడినందుకు కాస్త మెరిశారు. ఆ మనిషిని కొట్టాలనిపించింది కుమారికి.

శుక్రవారం తంపర కాలనీ నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఆదెమ్మ లేదు, ఆదెమ్మ పక్కింటివాళ్ళు లేరు. రోజూ ఎర్రగా మినుకుమినుకుమనే ఫోను దీపాలు ఆరిపోయి ఉన్నాయి. పరాంకుశం గారు సంతోషం పట్టలేకపోయారు.

"ఫిర్యాదులు పూర్తిగా తగ్గుముఖం పట్టినవి. సమతూకం వలన సమస్య తనంతట తానే పరిష్కారమగునని మేము ముందే ఊహించితిమి."

తవిటయ్య కూడా రాలేదు. కానీ ప్రశంస పక్షానికి కేటాయించిన వేళ ఖాళీగా పోరాదని గురువారం ఆయన మాట్లాడిందే టేపు మళ్ళీ వేయించారు. గుటకల చప్పుడు, ఆపైన "నిజంగానే బాగుంది తల్లీ!" ఆ పొద్దున అది ఒకటికి నాలుగుసార్లు వెళ్ళింది. క్యాను నీళ్ళకు అంత ప్రచారం ఏ కంపెనీ చేసుకుని ఉండదు.

కార్యక్రమం అవగానే కుమారి పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఫోన్లు ఎందుకు రాలేదో అక్కడ తెలిసింది. కాలనీ సగం అక్కడే ఉంది. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. ఆదెమ్మ మాట్లాడే ఓపిక లేక చెయ్యి మాత్రం ఎత్తింది. ఆమె చిన్న మనవరాల్ని పొద్దున్నే విశాఖపట్నం తీసుకెళ్ళారట, బతుకుతుందో లేదో తెలియదట. ఆదెమ్మ పక్క మంచమే తవిటయ్యది. ఫిర్యాదు పక్షం మీదా, ప్రశంస పక్షం మీదా ఒకే రకం సెలైను సీసాలు వేలాడుతున్నాయి. పరాంకుశం గారు చూసి ఉంటే మురిసిపోయేవారు.

తవిటయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

"రేపు ఆకర్రోజంట కదా తల్లీ. నాను రాలేను. పోన్ సేస్తావా? బాగుందని సెప్పీస్తాను. గడువైపోనాది కదా, మాట మార్సకూడదంట కదా."

"ఇంటి దగ్గర తాగావా తాతా?"

"ఈది గుంటలు సుట్టూ మూగినారు. నువ్వు తాగితే మేం తాగుతాం అన్నారు." అని, చెయ్యి వదలకుండానే, "ఇప్పుటికీ తాగుతన్నారంట తల్లీ. టేపేసినారు కదా పొద్దున్న," అన్నాడు.

కుమారి ఏడవలేదు. ఏడిస్తే దానికి సరిపడా ఎవరో ఒకరు నవ్వాలని అంటారేమోనన్న ఆలోచన వచ్చి, అప్పుడు నిజంగానే భయం వేసింది. తనకు కూడా ఆ జబ్బు అంటుకుందన్నమాట. ఇంకా మంచం పట్టనివాళ్ళు ఆ కాలనీలో రేపు పొద్దున్న బిందె పట్టుకుంటారు. వాళ్ళు నమ్మేది రేడియోని. రేడియో అంటే తను. తాగొద్దు అన్న ఒక్క మాట, వెనకాల ఏ తోకా లేకుండా, వాళ్ళ చెవిన పడాలి. ఇంటికి వెళ్ళే దారంతా ఆమె పరాంకుశం గారిలా ఆలోచించడానికి ప్రయత్నించింది. కష్టమైన పనే గాని, ఒకసారి బుర్ర పక్కన పెట్టేశాక సులువుగానే వచ్చింది.

శనివారం మైకు తెరవక ముందే ఆమె ఆయన ముందు నిలబడింది.

"సార్, వారం మొత్తం మీద ముల్లు ఎటు వాలి ఉందో చూశారా?"

పరాంకుశం గారు లెక్క చూసుకున్నారు. ఆయన మొహం పాలిపోయింది. తవిటయ్య మాటకారి. దానికి తోడు శుక్రవారం ఫిర్యాదు లేదు, టేపు మాత్రం నాలుగుసార్లు వెళ్ళింది.

"ప్రశంస పక్షం వైపు... గణనీయముగా," అన్నారు.

"ఇవాళ సాయంత్రంతో ప్రచారం ఆఖరు. ముల్లు అలా వాలి ఉండగానే ముగిసిందని పై ఆఫీసుకు తెలిస్తే?"

ఆయన కుర్చీలో సర్దుకున్నారు. "తక్షణమే సరిచేయవలెను. కానీ ఫిర్యాదు పక్షం వారు ఫోన్లు చేయుట లేదు."

"నేను చెప్తాను. నిన్న ఆస్పత్రిలో కళ్ళారా చూసొచ్చాను. తాగి చెప్పాలన్న నిబంధన ప్రశంసకే పెట్టారు, ఫిర్యాదుకు కాదు."

ఆయన నిబంధన వెతికి చూశారు. నిజమే. మంచి తక్కెడకే ముద్ర వేస్తారు గాని చెడ్డదానికి ఎవరు వేస్తారు? వారం రోజుల్లో మొదటిసారి ఆయన కుమారిని ఆదరంగా చూశారు. "సమతూకము యొక్క ఆత్మను గ్రహించిన వ్యక్తి ఈ స్టేషనులో తమరొక్కరే," అన్నారు. అద్దం అవతల భుజంగరావు గారు ఎందుకైనా మంచిదని తల ఊపారు.

కుమారి మైకు తెరిచింది. శుభోదయం అనలేదు, ఉదయం అని కూడా అనలేదు.

"తంపర కాలనీవాళ్ళు వినండి. కుళాయి నీళ్ళు తాగొద్దు. ఎగువ వీధీ, దిగువ వీధీ, ఎవరూ తాగొద్దు. వంటకు కూడా వాడొద్దు. మీ గొట్టంలో మురుగు కలిసింది. ఇంట్లో పట్టి ఉంచినవి పారబొయ్యండి. జూట్ మిల్లు గేటు దగ్గర బోరింగు ఉంది, అక్కణ్ణుంచి తెచ్చి మరగకాచుకోండి. వాంతులూ విరేచనాలూ అవుతున్నవాళ్ళకి అలా కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి పడుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తవిటయ్య తాత బాగుందన్న నీళ్ళు మీ కుళాయివి కావు, మా ఆఫీసు క్యానువి. సీసా మార్చింది నేను. ఆయన చేత చెప్పించిందీ నేనే. ఆయన ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆదెమ్మ కూడా అక్కడే ఉంది. తాగొద్దు."

మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మళ్ళీ చెప్పింది. పరాంకుశం గారు గడియారం నొక్కి పట్టుకుని, కళ్ళు అరమూసి, ముల్లు కొద్దికొద్దిగా మధ్యకు జరగడాన్ని అనుభవిస్తున్నారు. సీసా సంగతి విన్నప్పుడు ఒక కన్ను తెరిచారు గాని, నడుస్తున్న తూకాన్ని మధ్యలో ఆపడం ఆయన వల్ల కాలేదు. వారమంతా తవిటయ్య మాట్లాడినంత సేపూ ఆమె మాట్లాడింది.

చివరికి ఆయన చెయ్యెత్తారు. "చాలును. ముల్లు నిలిచినది. అయితే నేటి తమ చివరి వాక్యాలు ఒక పిసరు అధికమైనవి. ఆ పిసరుకు ప్రశంస పక్షం వారు కావలెను."

"కాలనీలో లేచి నిలబడగలిగినవాళ్ళెవరూ ఆ మాట చెప్పరు సార్."

"అటులైన నేనే చెప్పెదను. పరిశీలకుడు ఏ పక్షానికీ చెందడు, కాలనీలో ఉండవలెనన్న నియమము అతనికి వర్తించదు." ఆయన స్టూడియోలోకి వచ్చి, కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని మైకు ముందుకు వంగారు. "శ్రోతలకు నమస్కారము. తంపర కాలనీ కుళాయి నీళ్ళు..."

కుమారి ఆయన ముందు గ్లాసు పెట్టింది. పొద్దున్నే తంపర కాలనీకి వెళ్ళి ఎగువ వీధి కుళాయి దగ్గర తనే పట్టి తెచ్చిన నీళ్ళు. ఈసారి ఏమీ మార్చలేదు.

"పరిశీలకులు పరాంకుశం గారు ఇప్పుడు ఈ నీళ్ళు తాగి, ఆ తరవాత మాట్లాడతారు. అది వారు పెట్టిన నిబంధనే," అంది మైకులో. అని ఊరుకుంది.

పరాంకుశం గారు గ్లాసు వంక చూశారు. నీళ్ళ రంగు చూశారు. వాసన మైకుకు తెలియదు గాని ఆయనకు తెలిసింది. చెయ్యి కొంచెం ముందుకు వెళ్ళి, బల్ల మీద ఆగిపోయింది. నిబంధనలో ఎక్కడైనా సందు ఉందేమోనని ఆయన కళ్ళు అటూ ఇటూ వెతికాయి. నిబంధన ఆయనే రాసినది, సందు ఉంచలేదు. అద్దం అవతల భుజంగరావు గారు మొదటిసారి తల ఊపడం మరిచిపోయారు. రేడియోలో ఏమీ రావడం లేదు. పాట లేదు, మాట లేదు, గుటక లేదు.

కిటికీ కింద టీ కొట్టు ఉంది. అందులో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. అక్కడ గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. అందరూ చెవులు రిక్కించి వింటున్నారని కుమారికి పైనుంచే తెలిసింది. చాలా సేపటికి కింద ఒకడు పెద్దగా అరిచాడు.

"తాగలేదర్రోయ్! ఆపీసరు తాగలేదు!"

ఆ కేకతో ఫోను దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. కుమారి మొదటిది ఎత్తింది. తంపర కాలనీ నుంచి ఎవరో ఆడమనిషి. "బిందెలన్నీ ఈదిలో ఒంపీసినామమ్మా," అని మాత్రం చెప్పి పెట్టేసింది. ఆ మాటకు రెండో పక్షం ఎవరూ అడగలేదు. పరాంకుశం గారు అప్పటికే పై ఆఫీసుతో మాట్లాడ్డానికి బయటికి వెళ్ళారు.

మధ్యాహ్నానికి భుజంగరావు గారి బల్ల మీదికి తాఖీదు వచ్చింది. శనివారం ఉదయం ప్రసారమైన నిశ్శబ్దము ఒక పక్షానికి అనుకూలముగా ఉన్నట్లు శ్రోతలు గ్రహించినందున, రెండో పక్షానికి కూడా అదే నిడివి గల నిశ్శబ్దమును సాయంత్రం లోగా ప్రసారం చేయవలెను. సీసా మార్చిన ఉద్యోగినిని విధుల నుండి తొలగించవలెను. భుజంగరావు గారు అది ఆమెకు చదివి వినిపించారు. మొదటి పేరా అమలు చెయ్యడానికి మనుషులెవరూ అక్కర్లేదు కాబట్టి, రెండో పేరా ముందు అమలు చేశారు.

కుమారి సంచీ సర్దుకుని ఆస్పత్రికి నడిచింది. వార్డులో ఎవరి దగ్గరో చిన్న రేడియో ఉంది. అందులో ఏమీ వినిపించడం లేదు. ఆదెమ్మ కళ్ళు తెరిచి ఉంది. మనవరాలు గుక్కెడు నీళ్ళు మింగిందని విశాఖపట్నం నుంచి కబురొచ్చిందట. తవిటయ్య ఆ రేడియో వైపు చెవి పెట్టి పడుకున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"ఏటి తల్లీ, ఏటీ రాడం లేదు? ఐపోనాదా? ఎవులు గెలిసినారు?"

కుమారి మంచం అంచున కూర్చుని, ఆయన సెలైను చెయ్యి కదలకుండా పట్టుకుంది.

"ఇవాళ ఎవరూ తాగలేదు తాతా."